స్కేలు బావ వేసిన వెనక గీత

మా బావ వేసిన గీత గురించి ఈ ఊళ్ళో ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెబుతారు. అడుగు తప్పిందని ఒకడు, తాగి వేశాడని ఒకడు, అవతలి దేశం వాళ్ళు లంచమిచ్చి తప్పు వేయించారని ఇంకొకడు. వీళ్ళ నోళ్ళు పడిపోను! ఇలా వాగేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు. సుద్ద దారానికి ఒక కొస పట్టుకున్నది ఆయన, రెండో కొస పట్టుకున్నది నేను. తప్పింది అడుగు కాదు, అంగుళమున్నర. ఇక తాగడమంటారా, ఆయన జన్మలో టీ తప్ప ఇంకోటి తాగి ఎరగడు. కాబట్టి నేను చెప్పేది వినండి. రేపెవరైనా వేరేగా చెబితే నా దగ్గరికి పంపండి, వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

బావంటే మా అక్క మొగుడు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని స్కేలు అని పిలిచేవాళ్ళు. చేతిలో స్కేలు పట్టుకుని తిరుగుతాడని కాదు, ఎప్పుడూ ముట్టుకోడని. మందుల షాపు, కళ్ళజోళ్ళ షాపు, సైకిళ్ళ షాపు, పళ్ళ డాక్టరు, పెద్ద వీధిలో ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిస్తే మా బావ చేతిరాత చదువుకుంటూ నడిచినట్టే. ఎక్కడా ఒక్క అక్షరం తూలేది కాదు. "స్కేలు లేకుండా ఎలాగండీ?" అని కొత్తవాళ్ళు అడిగితే, "కళ్ళున్నాయి కదండీ" అని ఊరుకునేవాడు.

ఆ కళ్ళతో మేం పడ్డ బాధ మాకే తెలుసు. ఇంట్లో ఒక్క పటం ఒరిగినా ఆయనకు ముద్ద దిగదు. ఒకసారి ఒకాయన పోయారని పరామర్శకు వెళ్ళాం. అందరూ ఏడుస్తున్నారు. మా బావ మెల్లగా లేచి, ఏడుస్తున్నవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్ళి, గోడమీద వంకరగా ఉన్న కేలండరు సరిచేసి వచ్చి కూర్చున్నాడు. మా అక్క ఆరోజు ఇంటికొచ్చేదాకా ఆగి, గుమ్మంలోనే అందుకుంది. "పోయినాయన లేచి కూర్చుంటే ఆయన్ని కూడా నిటారుగా కూర్చోబెట్టి వచ్చేవారు మీరు!" అంది.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందుగది షాపు, వెనకగది కాపురం. ముందుగదిలో రాసినవీ రాయాల్సినవీ బోర్డులు గోడకు చేరేసి ఉండేవి. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. టర్పెంటైన్ వాసన దిండు గలీబుల దాకా పట్టేసింది. నేను అదే వీధిలో అద్దెకుంటూ ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే మా అక్క ఇప్పటికీ నవ్వుతుంది. నాకప్పటికి ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కూడా అయింది, అయినా బావ నాకు బోర్డుకు బ్యాక్‌గ్రౌండు రంగు పూసే పని దాటి ఇచ్చేవాడు కాదు. "నీ చేతికి తొందరెక్కువ రా" అనేవాడు. కోపం వచ్చేది. నిజం చెబితే రాదా మరి?

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి, లేకపోతే అసలు సంగతి అర్థం కాదు. బోర్డు రాసేముందు దారానికి సుద్ద పూసి, రెండు కొసలూ బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదులుతాం. టప్‌మని తగిలి పొడవునా తెల్లగీత పడుతుంది. దాన్ని దారం కొట్టడం అంటాం. ఆ గీత మీద అక్షరాలు కూర్చుంటాయి. అంటే రంగెప్పుడూ గీతకు అవతలి పక్కే పడాలి, రాసేవాడి వైపు ఒక్క చుక్క కూడా రాకూడదు. ముప్ఫై ఏళ్ళు అదే పని చేస్తే అది చేతికి అలవాటుగా మిగలదు, చెయ్యే అదైపోతుంది. మా బావ కళ్ళు మూసుకున్నా గీత అవతలే రంగు వేస్తాడు.

అలాంటి రోజుల్లో మా ఊరికి బ్యాడ్మింటన్ అంతర్జాతీయ పోటీలు వచ్చాయి. పదకొండు దేశాల వాళ్ళు వస్తున్నారన్నారు. అంతకు ముందు మా ఊరికి వేరే దేశం నుంచి వచ్చినవి ఉత్తరాలే. ఆ ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్ గారి అమ్మాయి వల్లే ఈ పోటీలూ వచ్చాయని చెప్పుకునేవాళ్ళు. ఆ పిల్ల అప్పటికి దేశం తరఫున రెండేళ్ళుగా ఆడుతోంది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉండేది. తండ్రి సైకిల్ మీద, వెనకాల బ్యాటు సంచితో ఆ అమ్మాయి వెళుతుంటే షాపుల వాళ్ళు బయటికొచ్చి చూసేవాళ్ళు. ఊరంతటికీ ఒక్కగానొక్క కూతురన్నమాట.

ఇప్పట్లాగా రబ్బరు చాపలు పరిచి ఆడే రోజులు కావు. కొత్త హాల్లో చెక్కనేల వేశారు. దాని మీద మూడు కోర్టులకు తెల్లగీతలు వేయాలి. నిర్వాహక సంఘం కార్యదర్శి స్వయంగా మా షాపుకొచ్చాడు. బోర్డుల మధ్య పక్కకు తిరిగి నిలబడి, "స్కేలు గారూ, ఇది ఊరి పరువండీ. మీరు తప్ప ఇంకెవరూ వేయకూడదు" అన్నాడు. ఆయన వెళ్ళాక మా బావ కుంచె కడిగి పక్కన పెట్టాడు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి అక్కతో, "ప్రపంచం మొత్తం నా గీతల మీద ఆడబోతోందే" అన్నాడు. అక్క అంట్లు తోముతూనే, "ఆడనివ్వండి. ముందు ఆ పెరటి తలుపుకి రంగేసిపెట్టండి, ఏడాది నుంచి చెబుతున్నా" అంది. కానీ ఆ సాయంత్రమే ఇరుగూ పొరుగూ అందరికీ చెప్పొచ్చింది, నేను చూశాను.

కోర్టు పొడవు నలభై నాలుగడుగులు, వెడల్పు ఇరవై. గీత మందం అంగుళమున్నర. గీత కూడా కోర్టులో భాగమే. అంటే కొలత గీత బయటి అంచు దాకా లెక్క. కార్యదర్శి ఇచ్చిన కాగితంలో ఇదంతా ఉంది, మా బావ దాన్ని నాలుగుసార్లు చదివాడు. టేపుతో కొలిచి, దారం సరిగ్గా బయటి అంచు మీద కొట్టాం. పక్క కోర్టులు రెండూ బయట కూర్చుని, లోపలికి మొహం పెట్టి వేశాడు. రంగు దారానికి అవతల, అంటే లోపల పడింది. దివ్యంగా కుదిరింది.

మిగిలింది నడిమి కోర్టు, ఫైనలు ఆడేది. దాని ఒక చివర, వీధి వాకిలి వైపు, గ్యాలరీ కట్టే వడ్రంగులు చెక్కలు పేర్చుకున్నారు. అక్కడి వెనక గీత బయట కూర్చోవడానికి జానెడు జాగా లేదు. చెక్కలు తీయమంటే, "రేపు తీస్తాం లెండి" అన్నారు. మా బావ చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నేను, "లోపల కూర్చుని వేసెయ్ బావా, గీత గీతే కదా!" అన్నాను. ఆ మాట అన్నది నేనే. రాసిపెట్టుకోండి.

లోపల కూర్చున్నాడు. దారానికి అవతలే వేశాడు. ముప్ఫై ఏళ్ళ చెయ్యి అది, ఇంకెక్కడ వేస్తుంది? గీత మొత్తం దారానికి బయట పడింది. నలభై నాలుగడుగుల కోర్టు అంగుళమున్నర పెరిగింది. మాకిద్దరికీ తెలియలేదు. పైగా లేచి నిలబడి, కన్ను చికిలించి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "వెంట్రుక వాసి వంకర లేదు" అన్నాడు. వంకర లేని మాట నిజమే.

వేరే దేశం నుంచి రిఫరీ వచ్చాడు. తెల్లజుట్టు పెద్దాయన, మాట తక్కువ. పక్క కోర్టులు రెండూ కొలిచాడు, తల ఊపాడు. నడిమి కోర్టు కొలవబోతే ఆ చివర చెక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. కార్యదర్శి అడ్డం వెళ్ళి, "మా ఊళ్ళో ఈయన గీత వేస్తే టేపు అక్కర్లేదండి, నాది పూచీ" అన్నాడు. రిఫరీ రెండు కోర్టుల వంకా మళ్ళీ చూసి, సరేనన్నాడు. ఆరోజు మా బావ ఇంటికి నడిచిన నడక చూడాలి మీరు. భూమికి బెత్తెడు ఎత్తున నడిచాడు.

పోటీలు మొదలై మూడోరోజు మధ్యాహ్నం, నడిమి కోర్టులో మన అమ్మాయి క్వార్టర్ ఫైనల్. మాకు గ్యాలరీలో ఉచితంగా సీట్లు ఇచ్చారు. జనం గొంతులు చించుకుంటున్నారు. మన అమ్మాయి బాగా ఆడుతోంది. మొదటి గేమ్ అలవోకగా గెలిచింది. రెండో గేములో వీధి వాకిలి వైపుకి మారింది. అవతలి అమ్మాయి షటిల్‌ని ఎత్తుగా వెనక్కి కొట్టింది. మన అమ్మాయి దాని కిందికి వెళ్ళింది, చూసింది, బ్యాటు దించేసి వదిలేసింది. అది గీత మీద పడింది. "ఇన్" అన్నారు. జనం ఉసూరుమన్నారు. కాసేపటికి మళ్ళీ అలాంటిదే వచ్చింది, మళ్ళీ వదిలేసింది, మళ్ళీ గీత మీదే పడింది. ఆ అమ్మాయి వంగి తన కాళ్ళవంక చూసుకుంది. ఇక అక్కడి నుంచి ఒక్కటీ వదల్లేదు. బయటికి పోయేవి కూడా పరుగెత్తి కొట్టింది. ఆ గేమ్ పోయింది. మూడో గేమ్ ఎలాగో లాక్కొచ్చి గెలిచింది కానీ, గెలిచిన మొహం కాదది. కుర్చీలో కూర్చుని కాలితో నేల మీద కొట్టుకుంటోంది.

ఊరంతా చప్పట్లు కొడుతుంటే మా బావ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ఆ పిల్ల కాళ్ళు తప్పవు రా" అన్నాడు.

"గెలిచింది కదా బావా! ఇంకేంటి?"

"రెండుసార్లు వదిలేసింది. రెండుసార్లూ వేలెడు తేడాలో పడ్డాయి. పదేళ్ళ నుంచి కోర్టు కొలత కాళ్ళలో పెట్టుకుని ఆడుతున్న పిల్ల, ఒకే చివర, రెండుసార్లు పొరబడుతుందా?" కన్ను చికిలించి రెండు చివర్లూ మార్చి మార్చి చూశాడు. వెనక గీతకూ దాని ముందున్న గీతకూ మధ్య సందు ఉంటుంది కదా, "ఆ సందు చూడు, ఈ సందు చూడు" అన్నాడు. నాకు రెండూ ఒకలాగే కనిపించాయి. అరవై అడుగుల దూరం నుంచి అంగుళమున్నర కనబడటానికి నావి ఆయన కళ్ళు కావు.

ఆటలు ఆగిన వేళ ఇద్దరం కిందికి దిగాం. చెక్కలు తీసేశారు. ఆయన జేబులోంచి టేపు తీశాడు, నేను కొస పట్టుకున్నాను. కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. తర్వాత ఆ గీత పక్కనే చతికిలబడి, లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి, చేత్తో గాల్లో రంగు వేసినట్టు చేసి చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు.

"బావా, నోరు మూసుకుని ఇంటికి పోదాం పద. ఇంకా రెండ్రోజులే. తెల్లజుట్టాయనే కనిపెట్టలేదు. మనం చెబితే ఆ పిల్ల గెలిచింది కూడా కొట్టేస్తే? ఊళ్ళో బతకనిస్తారా మనల్ని?"

ఆయన లేవలేదు. "ఆ పిల్ల తన కాళ్ళని తిట్టుకుంటోంది రా" అన్నాడు. "తిట్టాల్సింది నా చేతిని."

అప్పుడే చెప్పేశాడనుకుంటున్నారా? లేదు. మనిషే కదా, భయపడ్డాడు. నేరుగా ఇంటికెళ్ళి వెనకగదిలో కూర్చున్నాడు. ఎప్పుడూ వాలని భుజాలు వాలిపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా సంపాదించుకున్నది ఆ పేరొక్కటే, పోతే మళ్ళీ ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? అక్క అడిగింది, చెప్పాడు, మొత్తం విన్నది. నేను అక్క నన్ను సమర్థిస్తుందనుకున్నాను. బట్టలు మడత పెడుతూ, "అయితే ఇక్కడేం చేస్తున్నారు? రిఫరీ మనింట్లో అద్దెకుంటున్నాడా?" అంది.

"పేరు పోతుందే" అన్నాడు.

"మీరు కట్టుకున్నది నన్ను. ఆ పేరుని కాదు. లేవండి, చీకటి పడకముందే వెళ్ళి రండి. చొక్కా మార్చుకుని వెళ్ళండి, ఆ మోచేతికి రంగుంది."

మా అక్క అని చెప్పడం కాదు గానీ, అలాంటి మనిషి ఇంకొకరు పుట్టాలి.

అధికారుల గదిలో రిఫరీ, కార్యదర్శి ఇద్దరూ ఉన్నారు. మా బావ చేతులు కట్టుకుని నిలబడి, వంకర తిప్పకుండా చెప్పేశాడు. కార్యదర్శి మొహం సున్నం కొట్టినట్టయింది. "నీ మీద నమ్మకంతో పూచీ ఇచ్చానయ్యా! నా తల తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను?" అని మొత్తుకున్నాడు. రిఫరీకి భాష రాదు, కార్యదర్శే తర్జుమా చేయాలి. ఆయన సగం మింగి చెబుతుంటే మా బావ, "మొత్తం చెప్పండి సార్" అన్నాడు. తెల్లజుట్టాయన లేచి వచ్చి, టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస మా బావకిచ్చాడు. అంగుళమున్నర.

టేపు చుట్టి ఇచ్చి ఆయన చెప్పిందేమిటంటే, ఆడిన ప్రతివాళ్ళూ రెండు చివర్లా ఆడారు కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా నష్టం లేదు, ఫలితాలు మారవు. కానీ రేపు సాయంత్రం నాలుగింటికి సెమీఫైనల్, ఆ లోపల గీత సరికావాలి. సంగతి అందరికీ తెలిసేలా హాలు ముందు పెద్ద నోటీసు పెట్టాలి. ఆఖర్న ఆయన, "నీకు ఇది ఎవరు చూపించారు?" అని అడిగించాడు. "పోస్ట్‌మాన్ గారి అమ్మాయి కాళ్ళు" అన్నాడు మా బావ. కార్యదర్శి దాన్ని ఎలా తర్జుమా చేశాడో నాకు తెలియదు.

నోటీసు రాయాలంటే ఊళ్ళో ఎవరున్నారు? మా బావే. కార్యదర్శి కాగితం మీద "సాంకేతిక కారణాల వల్ల" అని రాసిచ్చాడు. మా బావ అది చదివి, నా చేతికిచ్చేసి, తన సొంతంగా రాశాడు. "నడిమి కోర్టు వెనక గీత, వేసినవాడి పొరపాటు వల్ల అంగుళమున్నర బయటికి పడింది. సరిచేస్తున్నాం." నీలం అక్షరాలు, ఎర్ర అంచు. ఆయన జీవితంలో రాసిన బోర్డులన్నిటిలోకీ అందమైనది అదేనని నేను ఎక్కడైనా చెబుతాను. అడుగున మూలకి ఎప్పుడూ పెట్టే చిన్న సంతకం కూడా పెట్టాడు. "అది కూడా ఎందుకు బావా?" అంటే, "మంచివాటి మీద పెట్టుకున్నాను కదరా ఇన్నాళ్ళూ" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. పక్క కోర్టుల్లో ఆటలున్నాయి కాబట్టి తొమ్మిదయ్యేసరికి గ్యాలరీ నిండిపోయింది. అందరూ నోటీసు చదివి వచ్చినవాళ్ళే. వాళ్ళు ఆటలు చూశారా? లేదు. రేకు పెట్టి రంగు గీకుతున్న మా బావ వీపు చూశారు. "కళ్ళున్నాయి కదండీ!" అని ఒకడు అరిచాడు, ఆయన మాటే ఆయనకు అప్పజెబుతూ. ఇంకెవడో పైనుంచి చెక్క స్కేలు ఒకటి విసిరాడు. అది టకటకలాడుతూ వచ్చి ఆయన మోకాలి దగ్గర పడింది. నేను ఒళ్ళు తెలియని కోపంతో లేచాను. మా బావ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ స్కేలు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, దాంతో డబ్బాలో రంగు కలిపాడు. "మంచి కర్రే రా, బాగా కలుస్తోంది" అన్నాడు. ముందు వరసలో వాళ్ళు విన్నారు. నవ్వారు, కానీ అది ఇంతకు ముందు నవ్విన నవ్వు కాదు.

గీకి, గరుకు కాగితంతో రుద్ది, నేల రంగు కలిపి పాత గీత ఉన్నచోట పూశాడు. అక్కడ గీత ఉండేదని చేత్తో తడిమినా తెలియదు. తర్వాత బయట కూర్చున్నాడు, జనానికి వీపు పెట్టి, కోర్టుకు మొహం పెట్టి. దారం నేను పట్టుకున్నాను. కొట్టేముందు మూడుసార్లు కొలిచాం. ఈసారి రంగు లోపల పడింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. నలుగురిలో ఏమంటుందోనని నేను పక్కకు జరిగాను. కోర్టు మధ్యలో నిలబడి, వీపు వెనక్కి పెట్టి, చూడకుండా వెనక్కి అడుగులు వేసుకుంటూ వచ్చింది. మడమ గీతకు బెత్తెడు ఇవతల ఆగింది. "ఇంకో గంట ఆరాలమ్మా" అన్నాడు మా బావ. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి గీత చూసి, తన కాలు చూసుకుంది.

"నిన్న నేను వదిలేసినవి రెండూ..." అంది.

"అవుటే తల్లీ. నీ లెక్క సరిగ్గానే ఉంది. తప్పింది నా చెయ్యి."

ఆ పిల్ల అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. తువ్వాలుతో మొహం కప్పుకుంది. కాసేపటికి తీసి, "రాత్రంతా నిద్ర లేదు బాబాయ్. చూపు పోయిందేమో, ఇక ఆడలేనేమో అనుకున్నాను. నాన్నకి కూడా చెప్పలేదు" అంది. మా బావ కళ్ళు కూడా తడిశాయి. నా సంగతి ఎందుకు లెండి.

ముందుగా ఒక మాట చెప్పేస్తాను, మళ్ళీ మధ్యలో అడిగి ప్రాణం తీయకండి. ఫైనల్లో ఆ అమ్మాయి ఓడిపోయింది. బాగా ఆడింది, అవతలి అమ్మాయి ఇంకా బాగా ఆడింది, అంతే. పదకొండు దేశాల్లో రెండోది మన ఊరి పిల్ల, అది చాలదా? తర్వాత ఆవిడ ఎంతోమందికి ఆట నేర్పింది. చెక్కనేల ఉన్నన్నాళ్ళూ ఏ హాల్లో గీతలు వేయాలన్నా మా బావకే కబురు పెట్టేది. మా బావ ఇంకో ఇరవై రెండేళ్ళు బోర్డులు రాశాడు, పేరు పోలేదు, స్కేలు స్కేలుగానే ఉన్నాడు. పెరటి తలుపుకు మాత్రం రంగు వేయకుండానే పోయాడు. అక్క ఇప్పుడు ఎవర్నీ వేయనివ్వదు. టేపు నా దగ్గరుంది. కానీ నేను చెప్పాల్సింది అవేవీ కావు, ఆ సాయంత్రం సంగతి.

సెమీఫైనల్ చెరొక గేమ్ అయింది. మూడో గేములో, సగంలో చివర్లు మారి మన అమ్మాయి వీధి వాకిలి వైపుకి వచ్చింది, కొత్త గీత వైపుకి. పదకొండు పాయింట్లకు ఆట. పది తొమ్మిది, సర్వీసు మన అమ్మాయిది. ఒక్క పాయింటు వస్తే ఫైనలు. నా పక్కన మా అక్క నా మోచెయ్యి పట్టుకుని నొక్కేస్తోంది, మూడ్రోజులు ఆ మచ్చ పోలేదు. మా బావ ఆట చూడటం లేదు, గీతనే చూస్తున్నాడు.

కొట్టుకున్నారు, కొట్టుకున్నారు, ఇరవై సార్లు అటూ ఇటూ. ఆఖరికి అవతలి అమ్మాయి షటిల్‌ని కప్పు దాకా లేపి వెనక మూలకి కొట్టింది. మన అమ్మాయి వెనక్కి వెనక్కి వెళ్ళి దాని కింద నిలబడింది. బ్యాటు ఎత్తింది. నిన్న ఇదే చోట రెండుసార్లు వదిలేసి రెండుసార్లూ పోగొట్టుకున్న పిల్ల ఏం చేస్తుంది? కొడుతుంది. ఎవరైనా కొడతారు. నేనైతే రెండు చేతులతో కొడతాను.

బ్యాటు దించేసింది. వదిలేసింది.

హాలు మొత్తం ఒక్కసారి "అయ్యో!" అంది. షటిల్ వచ్చి గీత అవతల పడింది, వేలెడు అవతల. పొద్దున గీకేసిన పాత గీత ఉంటే, సరిగ్గా దాని మీద. లైన్ జడ్జి రెండు చేతులూ చాచింది. అవుట్!

ఆ తర్వాత ఏం అరిచామో నాకు తెలియదు. పోస్ట్‌మాన్ గారు టోపీ తీసి ఏడుస్తున్నారు. పొద్దున స్కేలు విసిరినవాడు కూడా అరుస్తూనే ఉండి ఉంటాడు, వెధవ. జనం కిందికి దూకుతుంటే మా బావ కూడా దిగాడు. అమ్మాయి దగ్గరికి వెళుతున్నాడనుకున్నాను. కాదు. ఆయన గీత దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి టేపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, లాగడం మొదలుపెట్టాడు. "రెండో కొస పట్టుకోరా" అని నన్ను పిలిచాడు.

అంతమంది మధ్య నుంచి ఆ అమ్మాయి ఆయన్ని చూసింది. భుజాల మీద చేతులన్నీ విడిపించుకుని, చెమటలు కారుతూ వచ్చి, ఆయన పక్కన వంగి, టేపు మీద చెయ్యి పెట్టింది.

"కొలవక్కర్లేదు బాబాయ్. నీ గీత చూసే వదిలేశాను" అంది.

మా బావ టేపు చుట్టేశాడు. కొలవడం మొదలుపెట్టి ఆయన సగంలో ఆపేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.